చేతికి వచ్చిన నత్తి

అతనిది ఇంట్లోనే బైండింగ్ పని. పాత పుస్తకాలు విప్పి, కుట్టి, కొత్త అట్టలు వేసి ఇచ్చేవాడు. భార్యకు పుట్టుకతోనే వినపడదు. ముప్పై ఏళ్ల కాపురంలో వాళ్ల మాటలన్నీ చేతులతోనే నడిచాయి. ఎంత పోట్లాడుకున్నా ఇరుగుపొరుగుకు ఒక్క ముక్క తెలిసేది కాదు.

యాభై రెండో ఏట అతని కుడి అరచేతిలో, ఉంగరపు వేలి కింద, చిన్న గడ్డ తేలింది. సూది పట్టీ పట్టీ కాయ కాసిందనుకున్నాడు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. నాలుగేళ్లలో ఆ గడ్డ తాడులా సాగి, ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ లోపలికి లాగేసింది. మొహం కడుక్కుంటే వేలు కంట్లో పొడుచుకునేది. జేబులో చెయ్యి దూరేది కాదు.

పని ఎలాగోలా నెట్టుకొచ్చాడు. మాటే చెడింది. అతను ఒకటి చెబితే ఆమెకు ఇంకొకటి అర్థమయ్యేది. మొదట్లో ఆమె నవ్వింది. "నీ చేతికి నత్తి వచ్చింది," అంది వేళ్లు వంకర తిప్పి వెక్కిరిస్తూ. రానురాను ప్రతిదీ రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అతనికి సిగ్గేసి, అవసరమైతే తప్ప చెయ్యి పైకెత్తడమే మానేశాడు.

ఒకరోజు ఆమె ఎదురుగా కూర్చుని అడిగేసింది. "నాతో మాట్లాడటం ఇష్టం లేదా?"

అతను ఆత్రంగా చేతులు ఆడించాడు. నువ్వంటే కాదు, నా చెయ్యంటే నాకు అసహ్యం అని చెప్పాలనుకున్నాడు. ముడుచుకున్న వేళ్లలో అది సగం నలిగిపోయింది. 'అసహ్యం' ఒక్కటే ఆమెకు అందింది. లేచి పక్కగదిలోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే అతను అట్టలు నొక్కే ఇనుప ప్రెస్సులో కుడి చెయ్యి పెట్టి, ఎడమ చేత్తో మర తిప్పాడు. వంకరపోయిన అట్టల్నెన్నింటినో చదును చేసిన ప్రెస్సుకు రెండు వేళ్లు ఓ లెక్కా అనుకున్నాడు. మూడో చుట్టుకు లోపల ఏదో పటుక్కుమంది. కళ్లు బైర్లు కమ్మాయి. మర వెనక్కి తిప్పబోతే చెమటకు పట్టు జారిపోతోంది. గొంతు చించుకుని ఆమెను పిలిచాడు. పిలిచి ఏం లాభం? చివరికి చెక్క నేలను మడమతో దబదబా బాదాడు. ఆ అదురు గోడ అవతల ఆమె పాదాలకు తెలిసింది. పరుగున వచ్చి మర విప్పింది.

"ఇది కాయ కాదండీ," అంది ఆసుపత్రిలో చెయ్యి చూసిన సర్జన్. "చర్మం కింద ఉండే పొర దళసరెక్కి, తాడులా బిగిసి, వేళ్లను లాగుతోంది. మీవాళ్లలో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాన్నకుండేదమ్మా. పిసినారి పిడికిలని నవ్వేవాళ్లం."

"వాపు తగ్గాక ఆపరేషన్ చేసి ఆ తాడు తీసేస్తాను. పక్కనే స్పర్శ తెలిసే నరాలుంటాయి, దెబ్బతినొచ్చు. చిటికెన వేలు పూర్తిగా చాచుకోకపోవచ్చు. కొన్నేళ్లకు మళ్లీ రానూవచ్చు."

భార్య అతని వైపు చూసింది. "అంతా బాగైపోతుందట," అన్నాడు ఎడమ చేత్తో.

"అబద్ధం," అంది ఆమె. "ఆవిడ మొహం నాకూ కనిపిస్తోంది."

నెల తర్వాత చేతికి మత్తిచ్చి, అరచేతిని వంకరటింకరగా కోసి, ఆ తాడును రెండు గంటలపాటు కొంచెం కొంచెంగా తీశారు. తర్వాత రెండు వారాలు కట్టు, ఆ పైన నెలల తరబడి పడుకునేటప్పుడు వేళ్లు చాచి ఉంచే చట్రం. వ్యాయామం చేసినంతసేపూ పళ్లు బిగబట్టేవాడు. ఉంగరపు వేలు నిటారుగా వచ్చింది. చిటికెన వేలు సగంలోనే ఆగింది, కొన స్పర్శ కోల్పోయింది. ఆ వేలితో చెప్పాల్సిన మాటలు ఓ ఇరవై దాకా మిగిలిపోయాయి. ఆమె వాటికి వేరే సైగలు కనిపెట్టింది. కొన్ని అతనికి నోరు తిరగలేదని, అంటే వేలు తిరగలేదని, మళ్లీ మార్చింది.

ఏడాది తిరక్కుండానే ఎడమ అరచేతిలో గడ్డ తేలింది. ముందు చూసింది ఆమే. అరచెయ్యి బల్ల మీద చదునుగా ఆననప్పుడు రమ్మంది సర్జన్. రోజూ పొద్దున్నే అతను బల్ల మీద చెయ్యి ఆనిస్తాడు, ఆమె దాని కింద కాగితం దూర్చి చూస్తుంది. మొన్నటిదాకా దూరలేదు. ఈ వారం దూరుతోంది.