వాయిద్యం మోగుతుండగా భోజనం

నది ఒడ్డున ఉన్న ఆ పబ్బులో మా అమ్మాయి శాక్సఫోన్ వాయించడం అదే మొదటిసారి. జనానికి నచ్చితే ప్రతి శుక్రవారం సాయంత్రం నీకే ఇస్తానని యజమాని ఆమెతో అన్నాడు. మేముండే టాంపినీస్ నుంచి రైల్లో ముందుగానే వెళ్ళి వేదిక ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నాను.

అక్కడ వండేది అమెరికా దక్షిణాది వంట. నా ముందు గంబో పెట్టారు. రొయ్యలు, బెండకాయ ముక్కలు వేసిన చిక్కటి పులుసు, మధ్యలో గుప్పెడు అన్నం. అంతలో అమ్మాయి వాయించడం అందుకుంది. నేను చెంచా కింద పెట్టేశాను.

మా తాతగారి లోగిలిలో కచేరీ జరుగుతున్నంతసేపూ ఎవరూ విస్తరి ముందు కూర్చునేవారు కాదు. అయ్యాక తొలి వడ్డన విద్వాంసులకే. భూములు పోయాయి, లోగిలి పోయింది, నేను అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఈ పద్ధతిని మాత్రం ఎవరూ వేలం వేయలేకపోయారు.

పక్క బల్ల దగ్గర నలుగురు తెలుగు కుర్రాళ్ళు, మెడల్లో ఆఫీసు కార్డులు. పీతల డిప్పలు విరుస్తూ, కాండో ఫ్లాట్ల ధరల గురించి అరుచుకుంటున్నారు. అమ్మాయి ఒంటరిగా వాయించే ఘట్టం వచ్చినా గొంతు తగ్గించలేదు.

"ఆమె వాయిస్తోంది. కాసేపు నోళ్ళు మూయండి," అన్నాను.

"అంకుల్, ఇది పబ్బు. భజన మందిరం కాదు."

"నేను మీ అంకుల్ని కాను."

"సరే సార్. మీ పులుసు చల్లారిపోతోంది, దాని సంగతి చూడండి."

నలుగురూ నవ్వారు. నా చెవులు మండిపోయాయి.

విరామంలో అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "ముందు టేబుల్ ఆయనకి ఫుడ్ నచ్చలేదా అని ఓనర్ అడుగుతున్నాడు. తినండి నాన్నగారూ."

"నువ్వు వాయిస్తుంటే నేను మేస్తూ కూర్చోవాలా?"

"అందరూ తింటూ తాగుతూ గోల చేస్తేనే నాకు ఫ్రైడే వస్తుంది లా," అంది ఈ ఊరి యాసలో. " మీరొక్కరే ఇన్విజిలేటర్‌లా కూర్చున్నారు."

"మన ఇంట్లో..."

"ఆ ఇల్లెక్కడుంది నాన్నగారూ? తినండి, లేకపోతే బయట ఉండండి."

లేచి బయటికి వెళ్ళాను. ఉక్కపోతలో గోడ పక్కన నిలబడ్డాను. ఎవరో ఒకరు తలుపు తీసినప్పుడల్లా ఆమె వాయిద్యం కొంచెం, వాళ్ళ గోల బోలెడంత బయటికి వచ్చేవి. ఆ నలుగురి మీద కోపం, యజమాని మీద కోపం. ఆమె మాట తప్పు కానందుకు అంతకు మించిన కోపం.

అంతా అయ్యాక వాయిద్యం పెట్టె భుజాన వేసుకుని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా.

"ఫ్రైడే నాదే," అంది. "మీ గంబో వేడి చేయించి తెచ్చాను. ఇప్పుడు తినొచ్చుగా?"

"ముందు నువ్వు తిను," అన్నాను. కోపంగానే అన్నాను.

నా ముఖంలోకి ఒకసారి చూసి, మెట్ల మీద కూర్చుని మూత తీసింది. ఆమె తినడం అయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను.