నీలిపెట్టకు పెట్టిన పెసలు

మా వీధిలో ఒక ముసలి కుక్క ఉంది. నేను దాన్ని పెంచుకోలేదు గానీ, అది మాత్రం నన్ను తన మనిషిగానే లెక్కగట్టుకుంది. దాని చెవి పుండుకు మందు కొందామని మొన్న ఖమ్మంలో పశువుల మందుల దుకాణానికి వెళ్లాను. కుక్కల సబ్బుల పైవరుసలో పావురం బొమ్మ ఉన్న సీసాలు, డబ్బాలు బారుగా కనిపించాయి. ఇవేమిటి బాబూ అని అడిగితే, "పందెం పావురాల టానిక్కులు మేడమ్. గిది బలానికి, గది ఎగిరొచ్చినంక నీళ్లల్ల కలిపేటందుకు" అంటూ ఒక డబ్బా తీసి నా చేతికిచ్చాడు. ఏ రోజు ఎంత పెట్టాలో, ఎగరడానికి ముందు ఎంత, ఎగిరొచ్చాక ఎంత అని దాని మీద గళ్లు గీసి మరీ రాసి ఉంది. అంత చిన్న అక్షరాలు చదవడం మన వయసు వాళ్లకు ఎంత తిప్పలో మీకు తెలుసు. అయినా చివరి గడి దాకా చదివాను, చదివి, కుక్క మందు సంగతే మరిచిపోయి ఇంటికొచ్చాను.

మా నాన్న పోయాక అమ్మనూ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నవాడు మామయ్య, మా అమ్మకు తమ్ముడు. మిర్చి మార్కెట్లో కాంటా దగ్గర పని. పొద్దంతా ఆ ఘాటులో మసలి వచ్చి, ఒళ్లు కడుక్కుని, ముందు డాబా మీదికి వెళ్లేవాడు, ఆ తరువాతే అన్నం దగ్గరికి. పైన చెక్కపెట్టెలతో కట్టిన గూళ్లలో ఇరవై దాకా పందెం పావురాలు ఉండేవి. ఎంత దూరాన వదిలినా ఇల్లు వెతుక్కుంటూ వచ్చే జాతి అది. అందరివీ ఒకచోట వదిలితే ఎవరి పావురం ముందు తన గూటికి చేరితే వాళ్లది గెలుపు. పిల్లలు లేని మామయ్యకు నేనొక బిడ్డను, ఆ ఇరవై తక్కిన బిడ్డలు.

ఆయన మేత పెట్టే తీరును కూర్చుని చూడాల్సిందే. పందెం లేని రోజుల్లో జొన్నలు, వడ్లు, అంతే. పందెం దగ్గరపడే కొద్దీ పెసలు, మొక్కజొన్న నూక, ఒంటికి కాస్త కొవ్వు పట్టేందుకు కుసుమలు. కోడిగుడ్డు పెంకులు, పాత ఇటుక, బొగ్గు, ఉప్పు కలిపి దంచి, బెల్లం పాకంతో ముద్దలు కట్టి ఎండబెట్టేవాడు. పళ్లు లేని జీవం కాబట్టి, కడుపులో ఆ గరుకు రవ్వ ఉంటేనే గింజ అరుగుతుందట. వారానికొకసారి నీళ్లలో వెల్లుల్లి దంచి వేసేవాడు. రోజూ పొద్దున్నే గూట్లో రెట్ట చూసి ఒంటి సంగతి చెప్పేవాడు, రొమ్ము ఎముకను వేళ్లతో తడిమి దేనికెంత పెట్టాలో తేల్చేవాడు. కొలత మాత్రం ఆయన పిడికిలే. ఆఖరి గింజ కోసం అవి ఒకదాన్నొకటి తోసుకుంటుండగానే చేయి వెనక్కి తీసేవాడు. "పెట్టా పెట్టడు, అడుక్కు తిననియ్యడు" అని మా అత్తయ్య ఎగతాళి చేసేది. మామయ్య నవ్వి, "ఆకలైతెనే దానికి ఇల్లు యాదికొస్తది" అనేవాడు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చి చర్ల అవతల అడవి పల్లెలో వేస్తే, అమ్మ ఏడ్చింది గానీ మామయ్య మొహం వెలిగిపోయింది. పావురాలకు దూరం అలవాటు చేయడానికి అంతకంటే మంచి చోటు లేదట. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నా సంచితో పాటు ఒక వెదురుబుట్ట కూడా బస్సెక్కేది. కొత్తగూడెం దాటేసరికి ఎవరో ఒకరు గుడ్డ ఎత్తి చూసి, కూరకు కోడి అనుకుంటే పావురం తేలిందే అని నొచ్చుకునేవారు. సోమవారం పొద్దున ఏడు గంటలకు నేను బుట్ట మూత తీయాలి. వదిలిన వేళ, మబ్బు సంగతి, పావురం తీరు చీటీ మీద రాసి ఖమ్మం బస్సు కండక్టరుకు ఇవ్వాలి. సాయంత్రం మామయ్య బస్టాండుకు వెళ్లి చీటీ తీసుకుని, పావురం ఇల్లు చేరిన వేళతో సరిచూసుకునేవాడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. బుట్ట మూసింది మొదలు తెరిచేదాకా నీళ్లే గానీ గింజ చూపించకూడదు. నేను అద్దెకున్న ఇంటావిడకు ఇది ససేమిరా నచ్చేది కాదు. వాళ్ల గడప దాటే ఏ ప్రాణమూ పస్తుతో పోకూడదని, "తినకుంట తోలుడేంది టీచరమ్మా" అని ప్రతిసారీ దోసెడు జొన్నలు పట్టుకుని నిలబడేది. నేను కూడదనేదాన్ని, కొంచెం గొప్పగానే.

ఆ ఏడు మామయ్య ఆశలన్నీ నీలిపెట్ట మీదే. బూడిదరంగు ఒళ్లు, రెక్కల్లో నీలి మెరుపు, పిడికిట్లో పట్టుకుంటే నిబ్బరంగా ఉండే పావురం. గూట్లో దానికి వారం రోజుల పిల్ల ఉంది. పిల్ల ఉన్న తల్లి మరింత వేగంగా వస్తుందని, పందేనికి ముందు ఆఖరుసారి ఎగిరించి చూద్దామని నాతో పంపాడు. కార్తీకం వెళ్లాక ముసురు పడుతుందని ఎవరనుకుంటారు? సోమవారం ఆకాశం తెరిపివ్వలేదు, మంగళవారమూ అంతే. ఇలా వాన పడితే ఏం చేయాలో మామయ్య చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు. బుట్టలోంచి అది నా చేతి వంకే చూస్తుంటే ఉండబట్టలేక, నా కూరకని దాచుకున్న పెసలు నానబెట్టి పెట్టాను. ఆ రెండు రోజులూ పెట్టడం తప్పు కాదని ఇప్పుడు తెలుసు. తప్పు బుధవారం పొద్దున జరిగింది. ఆకాశం నీలంగా విచ్చుకుంది, ఇక వదలాలి. రెండు రోజులు బుట్టలో మగ్గిన ప్రాణం అంత దూరం ఎలా ఎగురుతుందో అని జాలేసి, వదిలే ముందు మరో గుప్పెడు పెట్టాను. అది తినే ముచ్చట చూసి ఇంకో గుప్పెడు పెట్టాను. మెడ కింద సంచి ఉబ్బి గుండ్రంగా తేలింది.

మూత తీస్తే ఎగిరింది. ఎప్పటిలా రెండు చుట్లు తిరిగి గోదావరి వైపు దిక్కు పట్టలేదు. బరువుగా ఇంటెనక ఇప్పచెట్టు దాకా పోయి కొమ్మ మీద కూర్చుని, రెక్కలు సర్దుకుని ముక్కుతో దువ్వుకోసాగింది. చప్పట్లు కొట్టాను, గుడ్డ విసిరాను, కదల్లేదు. బస్సు హారను వినబడింది. నిలబడి చీటీ రాశాను. "రెండు రోజులు వాన. నీళ్లే పెట్టాను. ఏడింటికి ఖాళీ కడుపుతో వదిలాను. వెంటనే దిక్కు పట్టింది." పిల్లలకు అబద్ధం ఆడరాదని పాఠం చెప్పే చేత్తో నాలుగు వాక్యాలు రాస్తే, నిజం ఒకటిన్నర.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఇంటావిడ అరుగు మీద దిగాలుగా కూర్చుని ఉంది. పావురం పొద్దెక్కేదాకా ఆ కొమ్మ మీదే ఉందట, డేగ వచ్చి తన్నుకుపోయిందట. "కడుపు నిండింది గద టీచరమ్మా, కునుకు తీసింది" అంది. ఆవిడ ఎత్తిపొడవలేదు, చూసిందే చెప్పింది. చెట్టు కింద నాలుగు నీలి ఈకలుంటే ఏరి వాగులో వేసి వచ్చాను.

శనివారం ఇంటికి వెళ్తే మామయ్య డాబా మీద నీలిపెట్ట పిల్లను ఒళ్లో పెట్టుకుని, నానిన పెసలు చిదిపి వేలితో దాని నోట్లో పెడుతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "మూడొద్దులు ఉపాసముండె గద బిడ్డా, నడుమ యాడనో సోలిపడ్డది. వానొస్తె పెట్టాలని నీకు చెప్పకపోతి, తప్పు నాదే" అన్నాడు. అప్పుడు చెప్పాలి. నోటి దాకా వచ్చింది. ఆయన తిట్టేవాడు కాదు, ఆ భయం నాకు లేదు. చీటీలో అబద్ధం రాసిన మనిషినని ఆయన ముందు తేలడమే నాకు చావుగా తోచింది. ఉద్యోగం కొత్త, మామయ్య బజారులో ఎవరు కనబడినా మా టీచరమ్మ అని చెప్పుకుని మురిసే రోజులు.

ఆ తరువాత మామయ్య చేయి వెనక్కి తీయడం మానేశాడు. ఏ పావురమూ ఇక పస్తుండకూడదని గంపెడేసి గింజలు చల్లేవాడు. అత్తయ్య ఎగతాళి కూడా ఆగిపోయింది. పావురాలు ఒళ్లు చేసి, డాబా గోడ మీద కునుకుతూ కూర్చునేవి. నీలిపెట్ట పిల్ల పక్కింటి కప్పు దాటి ఎన్నడూ ఎగరలేదు. ఆ ఏడు పందేనికి వెళ్లలేదు, మరుసటి ఏడూ వెళ్లలేదు, ఆ మరుసటి ఏడు గూళ్లు విప్పి పొయ్యిలోకి వాడారు.

నాలుగేళ్ల కింద మామయ్య మంచం పట్టినప్పుడు, పక్క వీధిలో పావురాలు పెంచేవాడొకడు పెద్దాయన చేతి మేత గురించి విని, పందేనికి ముందు ఏ గింజ ఎంత పెట్టాలో చెప్పమని వచ్చాడు. నేను మంచం పక్కనే కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాను. "నన్నడుగకయ్యా. నా చేతికి అంచనా తెల్వదు. పిల్లతల్లిని పస్తువెట్టి సంపిన చెయ్యిది" అన్నాడు మామయ్య. గదిలో ముగ్గురమే ఉన్నాం, ఆ మాట అబద్ధమని నాకొక్కదానికే తెలుసు. తొనల మీది పొర కూడా తీసి ఆయన నోట్లో పెట్టాను. ఎండాకాలం రాకముందే పోయాడు.

ఇప్పుడు పావురాల కాళ్లకు గుర్తుల కడియాలు ఉంటాయట, గూటిలో కాలు పెట్టిన క్షణం యంత్రమే రాసుకుంటుందట. మూత తీసేటప్పుడు ఫోనులో బొమ్మ తీసి అక్కడికక్కడే పంపుతారట. ఎవరి మాటనూ ఎవరూ నమ్మే పని లేదు. నాబోటి వాళ్లు ఉండబట్టే అలా మారిందేమో. మన రోజుల్లో మేతకు పిడికిలి కొలత, మిగతా అన్నిటికీ మాటే కొలత. మామయ్య తన చేతినే అనుమానించాడు గానీ నా మాటను ఒక్కరోజూ అనుమానించలేదు. నిజం చెప్పి ఉంటే ఒక పూట నాతో మాట్లాడకుండా ఉండేవాడేమో, మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే పిడికిలి కొలతతో డాబా ఎక్కేవాడు.