టార్పాలిన్ కప్పుకున్న గట్టు

వీధిలో ఆమెకు పగుళ్లమ్మ అని పేరు. గ్రావెల్ క్వారీల్లో తవ్విన గట్లు నిలబడతాయా, జారిపడతాయా అని తేల్చడం ఆమె ఉద్యోగం. ఆ చూపు ఇంటికొచ్చినా ఊరుకోదు. పడగ్గది గోడ బీటలిచ్చిందని నస పెడుతుంటే, భర్త బీట మీద క్యాలెండర్ తగిలించాడు. బీట పాకితే ఇంకోటి.

"ఒక్క గోడకి మూడు క్యాలెండర్లేంటండీ?"

"తేదీలంటే నాకిష్టం," అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

ఆ రోజు క్వారీ మేనేజరు కూల్‌డ్రింకుతో గేటు దగ్గరే ఎదురొచ్చాడు. నిలువునా తవ్వేసిన గట్టు కిందే కూలీలు భోంచేసే రేకుల షెడ్డు. జరిపించమని కిందటిసారే చెప్పింది. అంగుళం కదల్లేదు.

ఆమె గట్టెక్కింది. అంచు పొడవునా నీలం టార్పాలిన్ పరిచి ఉంది.

"ఇదెందుకు?"

"వానకి తడవకుండా మేడం."

ఆకాశంలో మబ్బు తునక లేదు.

"గట్టంతా తడవొచ్చు గానీ, ఈ ముక్కొక్కటే సుకుమారమా?"

మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు అచ్చం క్యాలెండర్లా ఉంది. ఆమె టార్పాలిన్ కొస పట్టి లాగింది. కింద పొడుగాటి పగులు. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. అంచున ఉన్న మట్టి వెనకున్న గట్టుతో ఎప్పుడో తెగతెంపులు చేసుకుంది, ఇక కింద పడడమే తరువాయి.

"అది ఎప్పట్నుంచో అంతే మేడం. పడదు, నాదీ పూచీ."

"అయితే ఇంకేం," అంటూ ఆమె కిందికి దిగి షెడ్డులో నిలబడింది. "మీ కుర్చీ, బల్ల, ఫ్యాను ఇక్కడ వేయించండి. రేపట్నుంచి మీ ఆఫీసు ఇదే. రిపోర్టులో అదే రాసేసి పోతా."

"ఇక్కడ దుమ్మండీ."

భోంచేస్తున్న పొక్లెయిన్ ఆపరేటరు చెయ్యి కడుక్కుంటూ లేచాడు. "దుమ్ము మేం దులుపుతాం సార్. కుర్చీ తెమ్మంటారా?"

కూలీల తలలకి ధారాళంగా పూచీ పడ్డ మనిషి, తన తల దగ్గరికొచ్చేసరికి పైకీ కిందికీ చూశాడు.

"షెడ్డే జరిపిద్దాం లెండి," అన్నాడు.

రేకులు దూరంగా లేచేదాకా ఆమె కదల్లేదు. పైనుంచి ఏటవాలుగా చెక్కేదాకా ఆ గట్టు కింద పని బంద్ అని రాసిచ్చింది.

ఇంటికొచ్చి క్యాలెండర్లు మూడూ దించింది.

"ఏవండీ, మీ మంచం ఈ గోడ వారకి జరుపుతున్నా."

ఆయన పేపరు మడిచాడు. "రేపు మేస్త్రీని పిలుస్తాలే."