ఎడమచేతి గీతలు

అది 1998. హోసూరు పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో నేను ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే ఇరవై ఏళ్ళ యువకులకు ఆకురాయి పట్టడం నేర్పి, ఫ్యాక్టరీలకు అప్రెంటిస్‌లుగా పంపడం నా పని. పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో ఎవరైనా దొరికితే ఆ రోజుల గురించి ఒక మాట చెబుతుంటాను: పన్నెండు మంది చేత తాగుడు మాన్పించానని. కాగితం మీద పెట్టబోతే కలం మొరాయిస్తోంది. పన్నెండు కాదు, ఇద్దరు. సరే, ఇద్దరూ కాదు, ఒక్కడు. ఆ ఒక్కడి చేత మాన్పించింది కూడా నేను కాదు. పైపెచ్చు, మానుతున్నవాణ్ణి మళ్ళీ సీసా దగ్గరికి తోసింది నేనే.

మా పనిలో మొదటి పాఠం ఫైలింగ్. ఇనుప ముక్కను వైస్‌లో, అంటే బల్లకు బిగించిన ఇనుప దవడల మధ్య పట్టించి, ఆకురాయితో రుద్ది చదును చేయాలి. ఆ ముక్కను జాబ్ అంటాం. చదునైందో లేదో తెలియాలంటే ట్రై స్క్వేర్ అనే మూలమట్టాన్ని దాని మీద ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తాం. సందులోంచి వెలుతురు కారితే అక్కడ పల్లం ఉన్నట్టు. చెయ్యి వణికిందా, ముందురోజు నిద్ర లేదా, అంతా ఆ వెలుతురే చెప్పేస్తుంది. ఇక జాబ్ మీది గీతలు చూసి అది ఎవరు చేశారో చెప్పేస్తానని నాకు పేరుండేది. ఆ పేరు చాలావరకు నేను పెట్టుకున్నదే.

ఆ ఏడాది చేరినవాళ్ళలో ఉద్దనపల్లి మునిరాజు ఒకడు. ఇరవై రెండేళ్ళు, ఎడమచేతి వాటం. అంతకుముందు బర్గూరు వైపు రాతి క్వారీలో పనిచేసి వచ్చాడు. పొద్దుటి పూట అతని జాబ్ మీద గీతలు కోళ్ళు కెలికిన నేలలా ఉండేవి. తాగుడని మొదటి వారంలోనే పసిగట్టాను. పొగరెక్కి తాగుతున్నాడనుకున్నాను. ఒకసారి వాసనతో దొరికాడు కూడా. రెండోసారి దొరికితే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే మళ్ళీ ఆ క్వారీయే గతి.

సరిగ్గా అప్పుడే మా కేంద్రానికి విజయ అనే కౌన్సెలర్ రావడం మొదలుపెట్టింది. ముప్పై దాటని మనిషి. ప్రతి బుధవారం కృష్ణగిరి నుంచి బస్సులో వచ్చి, మా సామాన్ల గదిలో రెండు కుర్చీలు వేసుకుని ఒక్కొక్కరితో మాట్లాడేది. కౌన్సెలింగ్ అంటే బుద్ధులు చెప్పడం అనుకున్నాను. ఆమె చాలామటుకు వినేది. పదమూడేళ్ళుగా నా ముందు "ఎస్ సార్" తప్ప నోరు విప్పని జాతి ఆ గది ముందు వరుస కట్టింది. లోపల్నుంచి నవ్వులు వినబడేవి. ఇనుము నునుపు చేసే ఎమెరీ కాగితం కావాలంటూ ఒక బుధవారం మూడుసార్లు లోపలికి వెళ్ళాను. మూడోసారి ఆమే కట్ట మొత్తం తీసి నా చేతిలో పెట్టింది.

అన్నిటికన్నా జామకాయలు నన్ను కాల్చేశాయి. మునిరాజు ఊరికి పోయి వచ్చినప్పుడల్లా ఆమెకు ఒక సంచి జామకాయలు తెచ్చేవాడు. నాకు ఒక్కటి లేదు. నా పళ్ళకు జామకాయ పడదు. అది వేరే సంగతి.

ఒకరోజు ఆమె నన్ను కూర్చోబెట్టి, మునిరాజు సరేనన్న తర్వాతే చెబుతున్నానంటూ అసలు విషయం చెప్పింది. క్వారీలో అతని జతగాడు కళ్ళెదుటే రాయి కింద పడి చనిపోయాడట. అప్పటినుంచి కళ్ళు మూస్తే గుండె దడ. నిద్ర కోసమే తాగడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదమని ఆమె అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు నడుస్తున్నాయి. అప్పటికి నెల రోజులుగా చుక్క ముట్టలేదు.

"నాకు కనిపించేది మాటలే సార్. చెయ్యి మీకు కనిపిస్తుంది. ప్రతి బుధవారం అది ఎట్ల ఉందో నిజం చెప్పండి. దాన్నిబట్టే లేత్ మీదికి పంపేది చూద్దాం" అంది. లేత్ అంటే ఇనుమును గిర్రున తిప్పి కోసే మిషన్. వణికే చెయ్యి దాని దగ్గరికి పోకూడదు.

ఈ రోజు ఆలోచిస్తే అంత గౌరవం నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు మాత్రం నన్ను తన జవానుగా పెట్టుకుందని కుళ్ళిపోయాను.

నెలాఖరు పరీక్ష దగ్గరపడింది. అందులో నెగ్గినవాళ్ళే లేత్ మీదికి, అక్కడినుంచి ఫ్యాక్టరీకి. మునిరాజు చెయ్యి ఇంకా వణుకుతోంది, తగ్గుతూ వణుకుతోంది. ఇంకో నెల ఆగుదామంది ఆమె. ఇంకో నెలకు చెయ్యి కుదిరితే పేరు ఎవరికి? జామకాయలు ఎవరికి పోతున్నాయో వాళ్ళకే.

పరీక్ష రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. మునిరాజు జాబ్ తీసి నా వైస్‌లో బిగించాను. పది నిమిషాల పని. మూలమట్టం పెట్టి చూస్తే వెలుతురు చుక్క కూడా కారలేదు. సాయంత్రం బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ దాన్ని చేతిలోకి తీసుకుని మెచ్చుకున్నాడు. ఆ రోజు బుధవారమే. అందరూ వింటుండగా నేను విజయతో అన్నాను: "చూసినారామ్మా? చెయ్యి కుదిరేది మాటలతో కాదు, ఆకురాయితో."

ఆమె ఉడుక్కోలేదు, నిజంగా సంతోషపడింది. దాంతో నా సంతోషం సగం చచ్చింది. మునిరాజు జాబ్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ పై మర్నాడూ రాలేదు. తర్వాతి బుధవారం విజయ సామాన్ల గదిలో నన్నే అడిగింది. "చెయ్యి అంత బాగా కుదిరినోడు ఎందుకు పోయినాడు సార్? నేను యాడ తప్పు చేసినాను?"

తప్పు తన మీద వేసుకుంటుంటే ఇక నోరు ఆగలేదు. ఆ జాబ్ నేను చేశానని చెప్పాను.  ఆమె సంచి భుజాన వేసుకుని, "నాకు చెప్తే చాలదు సార్. ఉద్దనపల్లి మీద పోయే రాయకోట బస్సుంది, రండి" అంది.

ఉద్దనపల్లిలో వాళ్ళ అక్క ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు మునిరాజు. దగ్గరికి పోకముందే వాసన వచ్చింది. నన్ను చూసి లేవలేదు.

"అది నా పని కాదు సార్" అన్నాడు. "గీతలు కుడికి వాలినాయి. నావి ఎడమకు వాలతాయి."

గీతలు చూసి మనిషిని చెప్పే మొనగాణ్ణి. నా గీతలే నేను చూసుకోలేదు.

"ఈ చెయ్యి కుదురుతాదని మీకే నమ్మకం లేదు గదా. మీరు పెద్ద పనోళ్ళు. మీకు తెలీదా అనుకున్నాను. పోయి తాగినాను."

బస్సులో వచ్చేటప్పుడు ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను: నువ్వంటే ప్రేమతో చేసినానప్పా అని. అతని ఎడమచెయ్యి అరుగు మీద వణుకుతుంటే ఆ మాట పక్కన పెట్టేశాను.

"నీ చెయ్యి నేను చూడనే లేదప్పా. ఈమె మీద కుళ్ళుతో చేసినాను. పదమూడేండ్ల నుంచి నేర్పిస్తుండాను, నాకు ఎవుడన్నా ఒక్క జామకాయ తెచ్చినాడా?"

మునిరాజు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ముందు నవ్వింది విజయ. తర్వాత అతని మూతి కూడా కదిలింది.

"మీరు ఒక్కనాడన్నా ఎందుకురా తాగుతావని అడిగినారా సార్? మేడం అడిగింది, తెచ్చిచ్చినాను."

నేను పోయి అతని పక్కన అరుగు మీద కూర్చున్నాను.

తిరిగి వచ్చి ప్రిన్సిపాల్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాకు మెమో ఇచ్చి ఆ ఏడాదికి పరీక్షల పని నుంచి తప్పించారు. మునిరాజు పాస్ రద్దయింది కానీ పేరు ఉంచారు. విజయ అతన్ని మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ప్రతి బుధవారం చెయ్యి ఎలా ఉందో నేను ఆమెకు రాసిచ్చాను: ఈ వారం వణుకు ఎక్కువ, ఈ వారం పొద్దున పదకొండు గంటల దాకే. మధ్యలో ఇంకోసారి తాగాడు. అదీ రాశాను. మూడు నెలల తర్వాత పరీక్ష రాసి బొటాబొటిగా నెగ్గాడు. ఫ్యాక్టరీలో చేరాడు, నిలబడ్డాడు. ఆ తర్వాత ఏటా నాకూ ఒక సంచి వచ్చేది. మేడం సంచి పెద్దదేమోనని ఒకసారి రెండు సంచులనూ ఎత్తి చూశాను. పెద్దదే.

కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లు వచ్చి పని గురించి అడిగితే ఒకటే చెబుతాను. నేర్చుకునేవాడి జాబ్ మీద నీ ఆకురాయి పెట్టకు. వెలుతురు కారితే కారనీ. ఎక్కడ కారుతుందో అతనికి చూపించు, అతన్ని చూసుకునేవాళ్ళకు చెప్పు. దాచావా, అతను బాగుపడే దారిని నువ్వే మూసినట్టు.

మునిరాజు రెండో పరీక్ష జాబ్ ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. గీతలన్నీ ఎడమకు వాలి ఉంటాయి. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తితే ఒక మూల వెంట్రుకంత వెలుతురు కారుతుంది. దాన్ని సరిచేయడానికి నాకు రెండు నిమిషాలు చాలు. ఇన్నేళ్ళలో చెయ్యి పెట్టలేదు.