ఎర్ర పిడికి కట్టిన పసుపు దారం

మా బావగారి మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. తగ్గిపోయిందని మా అక్కతో అన్న మాట నిజమే గానీ, అది ఆవిడ వండిన పనసపొట్టు కూర కలుపుకుంటూ అన్నది. విస్తరి ముందు కూర్చుని అన్న మాటలకు నేను కట్టుబడను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. మా వైపు నేను కోతలు కోస్తానని పేరు. తుపానుకి మా కొబ్బరిచెట్టు పక్కవాళ్ల దొడ్లోకి వంగి, గెల దింపేసి, మళ్లీ లేచి నిలబడిందని ఊరంతా చెప్పింది నేనే. ఈదురుగాలిలో గొడుగు తెరిచి గోదావరి దాటేశాననీ, అవతలి రేవులో పంటువాడు నన్ను టికెట్ అడిగాడనీ చెప్పింది కూడా నేనే. అందులో టికెట్ అడిగిన మాట కొంచెం ఎక్కువ. అలాంటివాణ్ణి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు చెబితే నవ్వుతారా? అదీ నా మూతి చర్మం లేచిపోయి ఉండగా?

పేరుపాలెం వైపు సముద్రపు ఒడ్డున బావగారికి సరుగుడు తోట ఉంది. తోట దాటగానే ఇసుక మీద వాళ్లమ్మాయి, అంటే నా మేనకోడలు, కైట్ సర్ఫింగ్ నేర్పుతుంది. తమిళనాడు వెళ్లి నేర్చుకొచ్చింది. పెద్ద గాలిపటాన్ని ఎగరేసి, దాని తాళ్లు నడుం బెల్టుకి తగిలించుకుని, కాళ్ల కింద పలకతో నీళ్ల మీద జారిపోవడం అన్నమాట. గాలి ఎంత పెద్దదైతే పటం అంత చిన్నది కావాలి. ఎండాకాలం ముదిరాక మధ్యాహ్నం పూట ఇక్కడ దక్షిణపు గాలి మనిషిని నిలబడనివ్వదు. ఆ గాలిలో తన దగ్గరున్న పెద్ద పటాలు ఎగరేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అందుకని ఒక చిన్న పటం తెప్పించుకుంది. కిందటేడు నాకూ నేర్పింది. నేను కాస్త బరువైన మనిషిని కాబట్టి, కొత్త పటం వస్తే ముందు ఇసుక మీద నేను పట్టుకుని చూడాలని మా ఇద్దరి ఒప్పందం.

బెల్టు కొక్కేనికి తగిలే చోట ఒక ఎర్ర పిడి ఉంటుంది. పటం అదుపు తప్పితే దాన్ని ముందుకి తోసేయాలి. తోస్తే కొక్కెం ఊడి, పటం గాలి వదిలేసి చప్పబడిపోతుంది. మా మేనకోడలు ఎవరికైనా మొదటిరోజు నేర్పేది అదొక్కటే. ఎగరడం తర్వాత.

పార్సిల్ వచ్చిన రోజున ఆ అమ్మాయి నేర్చుకునేవాళ్లను తీసుకురావడానికి నరసాపురం స్టేషనుకి వెళ్లింది. ఇంట్లో బావగారు, అక్క, నేను ఉన్నాం. మా ప్రాంతంలో మోటారు కొన్నా, ట్రాక్టరు కొన్నా, పడవ దింపినా పూజ చేయకుండా కదపం. గాలిపటం మాత్రం బండి కాదా అన్నారు బావగారు. అక్క పటం గుడ్డ మీద బొట్లు పెట్టబోతే, అమ్మాయి ఫోన్‌లో వద్దు వద్దని బతిమాలింది. సరే, గుడ్డకి వద్దు, పట్టుకునే కర్రకి, అదే బార్ అంటారు, దానికి పెట్టమంది. బావగారు నిమ్మకాయ తొక్కించడానికి చక్రం లేదని కాసేపు బాధపడి, కొబ్బరికాయ కొట్టి, పసుపు దారం తీసి, బండి స్టీరింగుకి కట్టినట్టు ఆ ఎర్ర పిడికి నాలుగు పేటలు చుట్టి ముడేశారు. ఎర్రగా ఉంది కాబట్టి అదే ముఖ్యమైన భాగమనుకున్నారట. ముఖ్యమైనదే. అందుకే దాన్ని కట్టేయకూడదు.

అమ్మాయి నాతో ఫోన్‌లో ఇసుక దాటొద్దనీ, తగిలించుకోకముందే పిడి ఒకసారి తోసి చూసుకోమనీ చెప్పింది. నేను అదే చేయబోయాను. బావగారు చెయ్యి అడ్డం పెట్టారు. మొదటి ప్రయాణం కాకుండా దారం తెంచకూడదన్నారు. రాహుకాలం వచ్చేస్తోందని తొందరపెట్టారు. అవసరమైతే అప్పుడు తెగదా అని పైగా ఒక మాట విసిరారు.

"ఆ మాత్రం దారం నువ్వు తోస్తే తెగదేంటయ్యా, ఇంత ఒళ్లేసుకుని?"

పటం లేచింది. పెద్దవి బర్రెల్లా నిదానంగా తిరుగుతాయి. ఇది కందిరీగ. చెయ్యి కాస్త కదిపితే ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకి పోతోంది. ముచ్చటపడ్డాను కూడా. అంతలో ఒక విసురు గాలి వచ్చింది. పటం కిందికి దూకింది, నేను బోర్లా పడ్డాను, అది నన్ను ఇసుక మీద ఈడ్చుకుపోయింది. పిడి తోశాను. కదల్లేదు. రెండు చేతులా తోశాను. పసుపు నీళ్లలో తడిసి ఎండిన దారం తీగలా బిగిసిపోయి ఉంది. ఒడ్డున లాగి ఉన్న పడవ లంగరు తాడు చేతికి దొరికింది కాబట్టి ఆగాను. పటం వలలు ఆరేసిన కర్రలకి తగిలి పడిపోయింది. జరిగింది ఇంతే. ఇందులో నేను ఒక్క ఉప్పుగల్లు కూడా వేయలేదు.

బావగారు పరిగెత్తుకొచ్చారు. నన్ను లేపడానికి కాదు, పటానికి ఏమైనా అయిందేమో చూడ్డానికి. పిడి రాలేదని చెప్పాను. ఆయన చుట్టూ చేరిన చేపల వేటగాళ్ల వైపు తిరిగారు.

"మొదలెట్టాడండి. భయపడి తొయ్యడం మర్చిపోయాడు, ఇప్పుడు దారం మీద పెడుతున్నాడు."

అందరూ నవ్వారు. నోట్లో ఇసుక ఉండబట్టి నేను అనాల్సినవి అనలేకపోయాను. ఇప్పటికీ అవి లోపలే ఉన్నాయి.

నేను బోరింగు దగ్గర మొహం కడుక్కుని వచ్చేసరికి అమ్మాయి వచ్చేసింది. నేర్చుకునేవాళ్లు వరసగా నిలబడి చూస్తున్నారు. బావగారు తాళ్ల చిక్కు తీసి, మావయ్య టెస్ట్ చేసేశాడు, పటం బ్రహ్మాండం అని చెప్పేశారు. ఎప్పుడూ తానే పిడి తోసి చూసుకునే పిల్ల, నేను చూశానన్న నమ్మకంతో కొక్కెం తగిలించేసుకుంటోంది. గాలి అప్పటికి ఇంకా పెరిగింది. ఈసారి ఇసుక మీద కాదు, నీళ్లలోకి. నీళ్లలో లంగరు తాళ్లు చేతికి దొరకవు.

కుంటుకుంటూ వెళ్లి బార్ పట్టుకున్నాను.

"పిడి కదల్లేదమ్మా. దానికి దారం కట్టారు. వెళ్లకు."

బావగారు నవ్వడం మొదలుపెట్టారు. అమ్మాయి నవ్వలేదు. నా మూతి వైపు చూసింది.

"ఇంకా, మావయ్యా?"

"ఇంకేం లేదు."

కొక్కెం తీసేసింది.

"మావయ్య కోతలు కోసేటప్పుడు ఇంత పొట్టిగా చెప్పరు నాన్నా."

బార్ ఇసుక మీద పెట్టి, మోకాలు ఆనించి పిడి తోసింది. కదల్లేదు. బొటనవేళ్లు తెల్లబడేదాకా తోసింది. కదల్లేదు. కత్తి అడిగింది. ముడి విప్పొచ్చు కదా, కోయడమెందుకని అక్క అంది. అమ్మాయి వాళ్లమ్మ మొహం చూడకుండా కోసేసింది. మళ్లీ తోస్తే పిడి టక్కున ఊడింది.

బావగారు ఏమన్నారో తెలుసా? అసలే గాలి చప్పుడు, ముందే గట్టిగా చెప్పి ఉండాల్సిందన్నారు. తప్పు నా గొంతుది.

ఆ సాయంత్రం అమ్మాయి ఆ పటంతోనే కెరటాల మీద ఇటూ అటూ పరిగెత్తింది. ఒకసారి గాలి విసిరితే పిడి తోసేసి, తాపీగా పలక పట్టుకుని ఈదుకుంటూ వచ్చింది. ఒడ్డున నేను ఆ పడవ లంగరు తాడు పట్టుకునే నిలబడ్డాను. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు బావగారు ఈ కథ నరసాపురంలో చెబుతున్నారట. నన్ను పటం సరుగుడు చెట్ల పైకి ఎత్తేసిందట. ఆయన పరిగెత్తుకొచ్చి దారం కోసి నన్ను దింపారట. ఒకసారి నా ఎదురుగానే చెబుతుంటే ఉండబట్టలేక, చెట్టు కాదండి, లంగరు తాడండి, దారం కోసింది అమ్మాయండి అన్నాను. వినేవాళ్లు నన్ను జాలిగా చూసి, మీరుండండి, మీ సంగతి మాకు తెలుసు అన్నారు.

అక్క ఇప్పుడు పూజ దారాలన్నీ పటంలోకి గాలి కొట్టే పంపుకి కడుతోంది. పటం ఎగరేసే ముందు పిడి తోసి చూసే పని అమ్మాయి నాకే అప్పజెప్పింది. బావగారు పక్కనుంటే ఒకటికి రెండుసార్లు తోస్తున్నాను, ఆ టక్కుమనే చప్పుడు ఆయనకి బాగా వినపడేలా.