గుల్మార్గ్ హోటల్లో వినిపించిన పేరు

ఒకతను ఉరి వేసుకున్నాడని ఎవరూ అద్దెకు తీసుకోని ఇంట్లో మేము కాపురం పెట్టాం. అద్దె తక్కువ, గాలీ వెలుతురూ బాగుండేవి. అక్కడున్నన్నాళ్లూ నాకు ఏ చప్పుడూ వినిపించలేదు, ఏ నీడా కనిపించలేదు. ఎవరికో గాలి సోకిందని చెబితే విని ఊరుకునేదాన్ని. హన్మకొండలో డిగ్రీ చదివాను, అందులోనూ సైన్సు. దయ్యాలున్నాయని ఈ రోజుకీ అనను. నేను చెప్పబోయే దాంట్లో దయ్యం లేదు కూడా. మరి ఏముందో మాత్రం నాకు తెలియదు.

ఇది 1980ల మధ్యలో జరిగింది. మా ఆయనకు తొర్రూరులో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉండేది. మా చుట్టుపక్కల పత్తి వేసే రైతులు ఎక్కువ. పత్తి ఉన్నచోట మందుల అమ్మకం బాగా ఉంటుంది. ఒక మందుల కంపెనీ తమ సరుకు బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా కాశ్మీరు తీసుకుపోతామంది. జిల్లా నుంచి నాలుగైదు జంటలకు పిలుపు వచ్చింది. అందులో మేమూ ఉన్నాం.

మా ఆయనకు వెళ్లాలని లేదు. "గా మంచుల ఏమున్నది సరోజనా, పైసలిచ్చి వణుకుడే గద" అన్నాడు. పైసలు మనవి కావు కదా అని నేనే బయల్దేరదీశాను. స్వెట్టర్లు, మంకీ క్యాపులు హన్మకొండలో తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నాం. పరకాల నుంచి వచ్చిన డీలరు భార్య సుగుణక్క మాత్రం డబ్బాడు మామిడికాయ తొక్కు, సకినాలు కట్టుకొచ్చింది.

కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ, అక్కణ్నుంచి జమ్మూ, ఆ తర్వాత బస్సు. చివరికి టైర్లకు గొలుసులు చుట్టిన జీపుల్లో గుల్మార్గ్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. కంపెనీ వాళ్లు తీసుకున్న హోటలు మామూలుది కాదు. చెక్క నేల, చెక్క గోడలు, గోడంత అద్దాల కిటికీలు, మధ్యలో కట్టెలతో మండే ఇనుప పొయ్యి. ఢిల్లీ, బొంబాయిల నుంచి వచ్చిన పెద్దింటివాళ్లు, కొందరు తెల్లదొరలు, కాళ్లకు పొడవాటి స్కీ చెక్కలు కట్టుకుని కొండమీది నుంచి జారుతున్నారు. మేము చీరల మీద కోట్లు వేసుకుని బస్టాండులో దిగినవాళ్లలా నిలబడ్డాం.

లోపలికి అడుగు పెట్టగానే ఒక ముసలి బేరర్ ఎదురొచ్చాడు. తెల్ల గడ్డం, ఎర్రటి బుగ్గలు. పేరు రసూల్ అని తర్వాత తెలిసింది. అందరికీ సలాం చేసి, మా ఇద్దరి దగ్గర ఆగి నవ్వాడు. "ఆయియే, ఆయియే. బహుత్ దిన్ బాద్" అన్నాడు. చాలా రోజులకు వచ్చారని.

హోటలు వాళ్ల మర్యాద అనుకున్నాను.

భోజనాల హాల్లో అందరినీ పొడవాటి బల్లల దగ్గర కూర్చోబెట్టారు. మమ్మల్ని మాత్రం రసూల్ కిటికీ పక్కనున్న చిన్న బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. "మీ జాగా ఖాళీగానే ఉంది" అన్నాడు ఉర్దూలో. అందరికీ టీ వచ్చింది. నా ముందు మాత్రం గాజు గ్లాసులో ఉత్త వేడినీళ్లు పెట్టాడు. నాకు చిన్నప్పటి నుంచి టీ, కాఫీ పడవు. ఎవరింటికి పోయినా వేడినీళ్లే అడుగుతాను. ఇక్కడ నేనింకా నోరు విప్పలేదు.

పక్క బల్ల నుంచి సుగుణక్క నవ్వింది. "ఏందే సరోజనా, గాయన నీకు చుట్టమా ఏంది? మాకు చాయ్, నీకు స్పెషలా?"

"ఏమో అక్కా. మీలో ఎవరన్న చెప్పిన్రా?" అని అడిగాను. ఎవరూ చెప్పలేదన్నారు. దారి పొడుగునా స్టేషన్లలో నేను వేడినీళ్లు అడుగుతుంటే కంపెనీ ఆఫీసరు చూశాడు కదా, ఆయనే చెప్పి ఉంటాడని సరిపెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. మంచు మీద ఎండ పడితే కళ్లు తెరవలేం. స్కీలు మాకెక్కడ వస్తాయి? చెక్క బండి మీద కూర్చోబెట్టి తాడుతో లాక్కుపోయేవాళ్లుంటే బేరమాడదామని వెళ్లాం. వాళ్లలో ఒక యువకుడు మమ్మల్ని చూసి దూరం నుంచే చెయ్యి ఊపాడు. దగ్గరికొచ్చి మా వెనక్కి, పక్కలకి చూసి అడిగాడు.

"బేబీ కో నహీ లాయే?" పాపను తీసుకురాలేదా అని.

ఎవరి గురించి అడుగుతున్నాడో మా ఆయనకు అర్థం కాలేదు. ఏ బేబీ అన్నాడు. దుకాణంలో తురకోళ్లతో బేరసారాలు చేసి చేసి ఆయనకు ఉర్దూ బాగా వచ్చు.

"మీ బేబీయే సాబ్. పోయిన చలికాలం ఈ బండి దిగనని ఏడ్చింది కదా" అన్నాడతను, తన నడుము కంటే కొంచెం కింద చెయ్యి పెట్టి ఎత్తు చూపిస్తూ.

మా ఆయన మొహం గట్టిపడింది. "మాకు పిల్లలు లేరు" అని ఒక్క మాట అని వెనక్కి తిరిగాడు. ఆ యువకుడు కంగారుగా, తప్పయింది, ఇంకెవరో అనుకున్నానన్నాడు. మేము బండి ఎక్కకుండానే వచ్చేశాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాకు ఒక పాప పుట్టింది. కాశ్మీరు వెళ్లడానికి ఐదారేళ్ల ముందు, వానలు మొదలైన వారంలో, వరంగల్ దవాఖానాలో. నెలలు నిండకుండా పుట్టింది. మొదటి రెండు మూడు రోజులు బాగానే ఉంది. ఒక సాయంత్రం మా ఆయన దుకాణం కట్టేసి తడుస్తూ వచ్చాడు. చేతులకు మందుల వాసన పోవాలని సబ్బుతో రెండుసార్లు కడుక్కుని పాపను ఎత్తుకున్నాడు. బయట వాన పడుతోంది.

"తొలకరి అని పెడుదాం" అన్నాడు.

నేను నవ్వాను. "అది పేరా? మీ దుకాణం బోర్డా?"

"మంచిగుంటది. రైతుకు గంతకన్న మంచి మాట ఏమున్నది?" అన్నాడు.

ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసి పేరు పిలవడం మా వైపు ఆనవాయితీ. ఆ రోజే అందరికీ చెబుదామనుకున్నాం. పాప ఆ రోజు దాకా ఉండలేదు. ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడే ఆయన దుకాణం తెరిచాడు. విత్తనాల కాలం, రైతులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. తెరవక తప్పదు. కానీ ఆ తర్వాత ఆయన పాప మాట ఎత్తలేదు. నేను ఎత్తితే లేచి బయటికి వెళ్లేవాడు. కొన్నాళ్లకు నేనూ మానేశాను. ఆ పేరు మా అమ్మకు తెలియదు, అత్తమ్మకు తెలియదు. మేమిద్దరం కూడా మళ్లీ పలకలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మిగతావాళ్లు తీగల మీద వేలాడే కుర్చీలెక్కి కొండపైకి పోయారు. మేమిద్దరం భోజనాల హాల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. రసూల్ వేడినీళ్లు తెచ్చాడు. నేను ఉండబట్టలేక అడిగాను. నా ఉర్దూ అంతంత మాత్రం. "చాచా, మమ్మల్ని ఇంతకుముందు ఎప్పుడన్నా చూసినవా?"

ఆయన నేను తమాషా చేస్తున్నాననుకున్నాడు. "ఎందుకు చూడలేదు బేటీ? ఈ బల్ల దగ్గరే కదా ముగ్గురూ కూర్చునేవాళ్లు. బేబీ ఈ అద్దం మీద ఆవిరి ఊది వేలుతో గీతలు గీసేది. నేను తుడిస్తే మళ్లీ గీసేది." గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్లు చిన్నవి చేశాడు. "తోల్‌కరీ. తోల్‌కరీ అనే కదా పేరు? నా నోరు తిరగకపోతే సాబ్ అర్థం చెప్పారు. పహ్లీ బారిష్ అని. మొదటి వాన."

గ్లాసు నా చేతిలోనే ఉంది. వేళ్లు కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు.

మా ఆయన వైపు చూడటానికి భయమేసింది. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. ఆయన వెళ్లలేదు. బల్ల మీద రెండు చేతులూ పెట్టి, ముందుకు వంగి, రసూల్ని అడిగాడు.

"చలికి భయపడ్డదా?"

"భయమా? మంచులో పడేది, లేచేది, మళ్లీ పడేది. వద్దన్నా వినేది కాదు."

"అన్నం తినేదా?"

"అన్నం తక్కువే. రొట్టె మీద తేనె వేస్తే తినేది."

"ఎవలి దిక్కు పోలిక?" అని తెలుగులోనే అడిగి, మళ్లీ ఉర్దూలో అన్నాడు. రసూల్ నా మొహం చూసి, ఆయన మొహం చూసి, "కళ్లు అమ్మవి. మొండితనం ఎవరిదో నాకు తెలియదు" అని నవ్వాడు. "బండివాళ్లను వద్దని మీరే తాడు పట్టి లాగారు కదా సాబ్. మీ ఇద్దరి నవ్వు లోపలి దాకా వినిపించేది."

మా ఆయన నవ్వగా నేను విని ఏళ్లయింది.

అప్పుడు రసూల్ అడిగాడు. "ఈసారి ఎందుకు తీసుకురాలేదు? ఖైరియత్ హై నా?" బాగానే ఉంది కదా అని.

ఏం చెప్పాలి? చెబితే ఆ ముసలాయన ఏమైపోతాడు? మా ఆయన చెప్పాడు. "బాగున్నది చాచా. ఇంటికాడ ఉన్నది. చలి ఎక్కువని తేలేదు."

రసూల్ రెండు చేతులూ పైకెత్తి ఏదో దువా చదివి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

గదికి వచ్చాక ఆయన తలుపు వేసి అడిగాడు. "నువ్వు చెప్పినవా గాయనకు?"

"నేనెప్పుడు చెప్పిన? నిన్నటి సంది మీ పక్కపొంటే ఉన్న గద."

"సుగుణక్కకు?"

"ఎవ్వలికి చెప్పలే. మీరు?"

తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు మంచం అంచున కూర్చుని బూట్ల తాళ్లు విప్పుతూ, మళ్లీ కడుతూ ఉన్నాడు. చివరికి అన్నాడు. "బండి నేనే గుంజిననట, సరోజనా."

అన్నాక ఏడ్చాడు. దవాఖానాలో ఏడవలేదు, మట్టి వేసి వచ్చాక ఏడవలేదు. పాప పోయినందుకు మేమిద్దరం కలిసి ఏడ్చింది ఆ కొండమీది గదిలోనే.

తర్వాత నేను ఆరా తీయకుండా ఉండలేదు. కంపెనీ ఆఫీసరును అడిగితే, డీలర్లను ఆ హోటలుకు తేవడం తమకూ ఇదే మొదటిసారి అన్నాడు. వేడినీళ్ల గురించి తాను ఎవరికీ చెప్పలేదన్నాడు. బండి లాగే యువకుడూ, రసూలూ ఒకే ఊరివాళ్లట. ఒకరి మాట విని ఇంకొకరు చెప్పి ఉండొచ్చు. మాలాంటి మనుషులు ఇంకో జంట వచ్చి ఉండొచ్చు. అక్కడివాళ్ల కళ్లకు దక్షిణాది మొహాలన్నీ ఒకేలా ఉండొచ్చు. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. తొలకరి అని పేరు పెట్టుకున్న ఇంకో పిల్ల నాకు ఇంతవరకు తారసపడలేదు. ఎక్కడో ఉండే ఉండొచ్చు.

బయల్దేరేరోజు రసూల్ కాగితం పొట్లంలో అక్రోటు కాయలు ఇచ్చాడు, బేబీకి అని. మా ఆయన ఆ పొట్లం ఒళ్లో పెట్టుకునే కాజీపేట దాకా వచ్చాడు. రైల్లో సుగుణక్క చెయ్యి చాచి, "ఒక్కటి ఇటియ్యి తమ్మీ, ఎట్లుంటదో చూస్త" అంది.

"ఇవి పాపయి అక్కా" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ లోంచి బయటికి చూశాను. ఆమె మళ్లీ అడగలేదు. తొర్రూరు వచ్చాక ఆ రాత్రే ఇద్దరం గడప దగ్గర కూర్చుని రోకలితో పగలగొట్టుకుని తిన్నాం.

ఆ తర్వాత రెండేళ్లకు మాకు కొడుకు పుట్టాడు. వాడికి మాటలు వచ్చాక, నీకో అక్క ఉండేదని చెప్పింది నేను కాదు, వాళ్ల నాన్నే. పేరు కూడా చెప్పాడు. ఇప్పుడు మా ఇంట్లో ఆ పేరు మామూలుగా వినబడుతుంది. వానాకాలం మొదట్లో అయితే ఎవరో ఒకరం అంటూనే ఉంటాం.

ఇంకో ఏడాది ఆ కంపెనీయే వేరే డీలర్లను మళ్లీ అదే హోటలుకు తీసుకుపోయింది. మాకు బాగా దగ్గరైన ఒకతను కూడా వెళ్తున్నాడు. మా ఆయనే అతనికి ఈ సంగతంతా చెప్పాడు. అతను ఉత్సాహపడి, "నేను పోయి రసూల్ను కలుస్త అన్నా. మీ ఫోటో చూపించి అసలు ముచ్చట ఏందో పూరా తెలుసుకొనొస్త" అన్నాడు.

నాకు తెలుసుకోవాలనే ఉంది. ఫోటో తేవడానికి లేచాను కూడా. మా ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు.

"వద్దు తమ్మీ. అడగకు" అన్నాడు. "ఫోటో చూసి, అప్పుడొచ్చినోళ్లు వీళ్లు కాదు అంటే ఎట్ల?"

అతను అడగలేదు. మేమూ మళ్లీ ఆ కొండ ఎక్కలేదు. ఏది నిజమో నాకు ఈ రోజుకీ తెలియదు.