ఎరుపు చూసి చెప్పే యలమంద

గుంటూరు మిర్చి యార్డులో యలమందకు జీతమిచ్చేది అతని కళ్ళకే. మిగతా యలమంద అంతా ఉత్తి బరువు. ఈ మాట అతని యజమాని, కమీషన్ కొట్టు వెంకయ్య గారిది. పదిమందిలో అని నవ్వించేవాడు. యలమంద కూడా నవ్వేవాడు, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. రైతు టిక్కీ బస్తా విప్పి గుప్పెడు కాయ పట్టా మీద పోస్తే చాలు, నడుం వంచకుండానే చెప్పేసేవాడు. ఇది మొదటి కోత కాయ, ఇది మంచు పట్టిన కాయ, ఇదిగో ఇందులో తాలు కలిసింది అని. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. అది ఎంత కలిస్తే రైతుకు ధర అంత తెగుతుంది. యలమంద తాలన్నాక అది తాలే. ఎదురు చెప్పేవాడు ఆ వరసలో లేడు.

దర్శి అవతల పల్లె నుంచి కాయలు ఏరే కూలికి వచ్చినవాడు. చదువు అంతంత మాత్రం. మనిషి మహా మొండి. సినిమాకు వెళ్ళినా హీరోయిన్ చీర రంగు చూసి, అది ఏ రకం కాయ ఎరుపో భార్య చెవిలో చెప్పేవాడు. వెంకటరావమ్మ మోచేత్తో పొడిచేది. అట్లాంటి మనిషికి ఆ ఏడు యార్డుకొచ్చిన కాయంతా రంగు తగ్గినట్టు కనిపించింది.

వాన ఆలస్యమైంది కదా, అనుకున్నాడు. నల్లతామర పురుగు తగిలింది కదా, అనుకున్నాడు. ప్రతి రైతుతోనూ అదే అన్నాడు, "ఈసారి కాయలో జీవం లేదయ్యా" అని. రైతులు తలలూపారు. పాపం, వాళ్ళకు ఏ ఏడూ కాయ బాగుందని చెప్పినవాడు లేడు మరి.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఒకనాటి సాయంత్రం ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే అందులోనూ ఎరుపు లేదు. వార్తలు చదివే అమ్మాయి వెనక ఉండే ఎర్ర పట్టీ ఇటుకపొడి రంగులో ఉంది. ప్రకటనలో పెళ్ళికూతురి బొట్టు బెల్లంముక్కలా ఉంది. వాన టీవీ మీద పడదు. నల్లతామర టీవీకి తగలదు.

అతనికి భయం ఎందుకో చెప్పుకోవాలి. చలికాలంలో దగ్గు పట్టుకుని వదలకపోతే పరీక్ష చేసి టీబీ అన్నారు. మందులు ఇస్తూ నర్సు మహిమ ఒక మాట గట్టిగా చెప్పింది. "వీటిల్లో ఒక మందు ఎవరికో ఒకరికి కళ్ళ మీదకొస్తది బాబాయ్. మసకేసినా, రంగులు తేడాగా కనపడినా ఆ రోజే రావాలి. చూద్దాంలే అని ఊరుకుంటే చూపుకే మోసం." యలమంద తల ఊపాడు. టీబీ సంగతి ఇంట్లో చెప్పాడు. కళ్ళ సంగతి చెప్పలేదు. కొట్టులో అయితే రెండూ చెప్పలేదు. సీజన్ నడిమధ్యలో, కాయ చూసేవాడి కళ్ళలో తేడా ఉందని యార్డులో పొక్కితే ఇంకేమన్నా ఉందా? మళ్ళీ ఎవరు పిలుస్తారు?

అందుకని, "ఈ టీవీ పోయిందే" అన్నాడు భార్యతో.

"నిక్షేపంలా ఉంది. దానికేమైంది?"

"రంగులు చచ్చిపోయినయ్యి. కనపడట్లా నీకు?"

వెంకటరావమ్మ టీవీ వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి తనంతట తాను ఇంటికి ఒక వస్తువు కొందామన్నది లేదు. ఆవిడకు సంతోషానికి బదులు అనుమానం వచ్చింది. డిగ్రీ చదివే కూతురు శ్రీదివ్య మాత్రం నాన్న మనసు మారేలోపే ఫోనులో టీవీలన్నీ చూసేసింది.

ఆదివారం ముగ్గురూ బ్రాడీపేటలో ఒక పెద్ద షాపుకు వెళ్ళారు. యలమంద చొక్కా జేబులో రెండు ఎండు తేజ రకం మిరపకాయలు ఉన్నాయి. ఇంట్లోకని అతని అన్న చేలోంచి వచ్చిన కాయ. ఊళ్ళో చూసినవాళ్ళంతా రంగు మెచ్చుకున్నది. షాపులో గోడంతా టీవీలే. ఒక్కసారి అన్ని వెలుగుల్లోకి అడుగు పెట్టేసరికి అతనికి కాళ్ళు ఆగిపోయాయి. ఇన్నింటిలో ఒక్కదానిలోనైనా ఎరుపు కనపడకపోతుందా, అదే అతని ఆశ. కనపడితే తప్పు పాత టీవీది. కనపడకపోతే ఆ తర్వాత ఏమిటన్నది ఆలోచించదలచుకోలేదు.

షాపు కుర్రాడి పేరు అష్రఫ్. మాట నెమ్మది, తొందర పెట్టే రకం కాదు.

"ఇది మామూలు ఎల్ఈడీ అండి. తెర వెనక లైట్లుంటాయి, ఆ వెలుగులో బొమ్మ కనపడుద్ది. చవక, మన్నిక."

యలమంద జేబులోంచి కాయ తీసి తెర పక్కన పెట్టాడు. అష్రఫ్ నవ్వు ఆపుకున్నాడు. శ్రీదివ్య సిగ్గుతో, "నాన్నా, ఇది యార్డు కాదు" అంది.

"నువ్వుండవే. ఎరుపుండే బొమ్మ ఏదన్నా పెట్టు బాబూ."

అష్రఫ్ ఫోనులో వెతికి, కళ్ళంలో మిరపకాయలు ఆరబోసిన వీడియో పెట్టాడు. ఎకరం మేర కాయ. యలమందకు ఎకరం మేర ఎండిన ఆకు కనిపించింది. "ఇది వద్దు" అన్నాడు.

"అయితే ఈ క్యూఎల్ఈడీ చూడండి. ఇదీ వెనక లైటుదే, కాకపోతే రంగు దట్టంగా రావటానికి మధ్యలో ఒక పొర ఉంటుంది. వెలుగెక్కువ. మీ హాల్లో ఎండ పడుద్దా? అయితే ఇదే మంచిది."

వెలుగు నిజంగానే కళ్ళలో కొట్టింది. వెలుగే కొట్టింది, ఎరుపు రాలేదు.

"ఇంకా మంచిది లేదా?"

"ఉందండీ. ఓఎల్ఈడీ. దీంట్లో వెనక లైటే ఉండదు. ప్రతి చుక్కా దానంతటదే వెలుగుద్ది. నలుపంటే నిజం నలుపు, ఎరుపంటే నిజం ఎరుపు. రోజంతా ఒకే న్యూస్ ఛానల్ పెట్టి వదిలేస్తే మాత్రం ఆ గుర్తు తెర మీద మచ్చలా ఉండిపోయే అవకాశం ఉంది, అది ముందే చెబుతున్నా."

వీడియో మొదలయ్యింది. శ్రీదివ్య "అబ్బ" అంది. వెంకటరావమ్మ, టీవీ అంటే పెద్ద పట్టింపు లేని మనిషి, ముందుకొచ్చి తెరకు దగ్గరగా నిలబడింది. "ముట్టుకుంటే ఘాటు తగిలేట్టుందే" అంది.

యలమంద కాయను తెరకు ఆనించాడు. తెర మీది కాయ, చేతిలోని కాయ. రెండింటికీ ఆవగింజంత తేడా లేదు. ఒకటే రంగు.

"చూశారా, సరిగ్గా కలిసింది" అన్నాడు అష్రఫ్ సంబరంగా.

కలిసింది. రెండూ ఒకే మట్టిరంగు. తెర అబద్ధం చెప్పటం లేదు. చేతిలో ఉన్నది ఊరంతా మెచ్చిన తేజ కాయ. యలమంద దాన్ని వేళ్ళతో తిప్పాడు, తొడిమ చూశాడు, వాసన చూశాడు. వాసన తేజదే. చుట్టూ ఉన్న టీవీలన్నిటిలోనూ ఎవరెవరో నవ్వుతున్నారు, ఎగురుతున్నారు. వాళ్ళందరి మధ్య అతనికి చలి పుట్టింది. మహిమ మాట చెవిలో వినపడుతూనే ఉంది. ఆ షాపు మెట్లు దిగి ఆటో ఎక్కితే ఆస్పత్రి ఎంతో దూరం లేదు.

"ఇదే తీసుకుందాం నాన్నా" అంది శ్రీదివ్య.

"వద్దు. ఆ రెండోది కట్టమను."

"అదేంటి? ఇది బాగుందని అందరూ అంటుంటే."

"వెలుగెక్కువ ఉన్నది కావాలి నాకు. చెప్పింది వినండి."

అసలు కారణం అది కాదు. ఆ మూడోది ఇంట్లో గోడకుంటే రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చుని నిజం చెబుతుంది. దానితో కాపురం చేసే ధైర్యం అతనికి లేదు. వెలుగెక్కువైతే కనపడుతుందేమోనన్న ఆశ కూడా ఇంకా ఏ మూలో ఉంది. మొండివాడికి ఆశ పడితే అంతే, అది ఊడిరాదు.

క్యూఎల్ఈడీ గోడకెక్కింది. చూడవచ్చిన ఇరుగుపొరుగుకి వెంకటరావమ్మ టీ ఇచ్చింది. యలమంద అందరికంటే ముందు, తెరకు రెండు మూరల దూరంలో కుర్చీ వేసుకుని, రిమోటుతో రంగు పెంచుతూ పోయాడు. మనుషుల మొహాలు కుంకుమ పూసినట్టయ్యాయని శ్రీదివ్య గొణిగింది. అతనికి ఇప్పుడిప్పుడే సరిపోతున్నట్టు ఉంది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, మందులు మింగి, యార్డుకు పోయాడు. సీజన్ కాగానే చెబుదాం, అనుకున్నాడు. రోజూ అదే అనుకున్నాడు. రోజూ ఆ మందులే మింగాడు.

కొట్టులో ఇప్పుడు వంగి చూస్తున్నాడు. కాయ గలగల విని, విరిచి, గింజ నలిపి, వాసన పట్టి చెబుతున్నాడు. చాలావరకు నెగ్గుకొస్తున్నాడు. అనుమానమొస్తే మాత్రం తాలనేస్తున్నాడు, ఎందుకంటే మంచి కాయను తాలంటే నష్టపోయేది రైతు, తాలును మంచి కాయంటే దొరికిపోయేది తను. ఇంత నీచానికి దిగుతానని అతను ఎన్నడూ అనుకోలేదు. తెలిసే దిగాడు.

బుల్లయ్య అనే రైతు దర్శి వైపు నుంచి కాయ తెచ్చాడు. యలమందకు చిన్నప్పటి నుంచీ ఎరిగున్నవాడే.

"తాలు బాగా కలిసింది బుల్లయ్యా" అన్నాడు యలమంద.

బుల్లయ్య నవ్వాడు, వేళాకోళమనుకుని. కాదని తెలిశాక ఒక గుప్పెడు తీసి అతని మొహం ముందు పెట్టాడు. "ఏరా, ఇది తాలా? మా ఆవిడా నేనూ కూర్చుని ఒక్కొక్క కాయా ఏరాం. కళ్ళెట్టి చూడరా."

యలమంద చూశాడు. ఎంత చూసినా ఒకటే. చుట్టూ హమాలీలు ఆగారు. వెంకయ్య గారు కుర్చీలోంచి లేచి వచ్చి, కాయ చూసి, యలమందను చూశాడు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండును.

"ఇందులో తాలు ఎక్కడుందిరా?" అని మెల్లగా అడిగాడు. "ఒక్కటి ఏరి చూపించు."

యలమంద మోకాళ్ళ మీద కూర్చుని కాయల్లో చెయ్యి పెట్టాడు. ఒకటి తీశాడు, వదిలేశాడు. ఇంకొకటి తీశాడు. చివరికి చెయ్యి ఆపేసి, "నాకు ఎరుపు తెలియట్లేదండీ" అన్నాడు. యార్డు రద్దీలో కూడా ఆ మాట అందరికీ వినపడింది.

కబురు తెలిసి ఆ మధ్యాహ్నమే వెంకటరావమ్మ అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కంటి డాక్టరమ్మ చుక్కల బొమ్మలున్న పుస్తకం తెరిచి, చుక్కల్లో ఏ అంకె ఉందో చెప్పమంది. యలమంద ఎంతసేపు చూసినా చుక్కలే. వెనక నిలబడ్డ వెంకటరావమ్మ ఉండబట్టలేక, "ఏడు కదయ్యా, అంత పెద్దగా ఉంటే" అంది.

"మీరు కాదమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి" అంది డాక్టరమ్మ.

పేజీ తిరిగింది. ఇంకో పేజీ తిరిగింది. వెంకటరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ పుస్తకం మూసి, అతని టీబీ మందుల చీటీ చూసింది. కళ్ళ మీదకొచ్చే ఆ మందు ఈ పూట నుంచే ఆపాలి, వేరేది మార్చమని టీబీ డాక్టరు గారికి ఇప్పుడే ఫోను చేస్తాను, అంది. చూపు తిరిగొస్తుందా అని యలమంద అడిగాడు. కొందరికి నెలలు పట్టినా వస్తుంది, ఆలస్యమైన వాళ్ళకు చెప్పలేం, అంది. ఎరుపు తేడాగా ఎప్పటి నుంచి కనపడుతోందని అడిగింది. సీజన్లోనే మొదలైందన్నాడు యలమంద.

ఆవిడ వెంకటరావమ్మ వైపు తిరిగింది. "ఇంట్లో మీకు కూడా చెప్పలేదా అమ్మా?"

"చెప్పలేదండీ" అంది వెంకటరావమ్మ. "టీవీ కొన్నాడు."